ఫుల్ ఎపిసోడ్ అంటే ఎంత? పాత సిట్‌కామ్‌లు, టీవీ కత్తెర, మా ఇంట్లో ఒక డీవీడీ పెట్టె

వీడియో చూస్తున్నవాళ్లకి నా చేతిలో ఉన్న పెట్టె కనిపిస్తోంది. చదువుతున్నవాళ్ల కోసం చెప్తున్నాను, ఇది ‘ఫ్రెండ్స్’ సీరియల్ డీవీడీ సెట్. పది సీజన్లు, 236 ఎపిసోడ్లు. ఒక మూల నలిగిపోయింది, రెండు డిస్కుల మీద గీతలు పడ్డాయి. టెక్సాస్‌లో ఉండే మా పెద్దమ్మ కొడుకు ఇండియా వచ్చినప్పుడు సూట్‌కేస్‌లో మోసుకొచ్చి నాకిచ్చాడు. "ఒరేయ్, అక్కడ ఎవరూ డిస్కులు చూడట్లేదురా, నువ్వు ఉంచుకో" అన్నాడు.

ఇంట్లో ప్లేయర్‌లో పెడితే ఆడలేదు. అమెరికా డిస్కులు రీజియన్ 1, మన దేశం రీజియన్ 5. కంప్యూటర్ డీవీడీ డ్రైవ్‌లో రీజియన్ మార్చుకోవచ్చు, కానీ మొత్తం మీద ఐదుసార్లే. ఆ తర్వాత డ్రైవ్ చివరిగా పెట్టిన రీజియన్‌లో లాక్ అయిపోతుంది. పాత లాప్‌టాప్ ఒకటి శాశ్వతంగా అమెరికాకి రాసిచ్చేసి, హాస్టల్‌లో మొత్తం పది సీజన్లూ చూశాను. నా ఇంగ్లీషులో సగం అక్కడ నేర్చుకున్నదే.

కొన్నేళ్ల తర్వాత ఫోన్‌లో అదే సీరియల్ చూస్తున్నాను. ఒక సీన్‌లో నాకు గుర్తున్న డైలాగు రాలేదు. ఇంకో సీన్ నేను అనుకున్నదానికంటే ముందే అయిపోయింది. నా జ్ఞాపకమే తప్పేమో అనుకున్నా. చివరికి లాప్‌టాప్‌లో డిస్కు, పక్కన ఫోన్ పెట్టుకుని రెండూ ఒకేసారి ప్లే చేశాను. డిస్కులో ఎపిసోడ్ పొడుగ్గా ఉంది!

వెంటనే "చూశారా, కత్తిరించేశారు" అని కోపమొచ్చింది. కానీ అసలు విషయం తిరకాసుగా ఉంది. అమెరికాలో అమ్మిన ‘ఫ్రెండ్స్’ డీవీడీలలో టీవీలో రాని అదనపు సీన్లు కలిపారు. 2012లో బ్లూ-రే తెచ్చినప్పుడు మాత్రం టీవీలో ప్రసారమైన వెర్షన్ పెట్టారు. ఫోన్‌లో నేను చూసింది కూడా దాదాపు అదే. అంటే ఫోన్‌లో వచ్చేది కత్తిరించిన ముక్క కాదు, ఆ రోజు రాత్రి అమెరికా జనం చూసిన ఎపిసోడ్. మరి వీటిలో ఏది ‘ఫుల్’?

ఈ ప్రశ్న పట్టుకుని పాత అమెరికన్, బ్రిటిష్ సిట్‌కామ్‌లని ఏ కోతా లేకుండా కలెక్ట్ చేసేవాళ్ల లోకంలోకి దిగాను. అక్కడ తెలిసిన కథే ఈ రోజు మీకు చెప్పబోయేది.

కోత ఎందుకు వస్తుందో ముందు అర్థం చేసుకోవాలి. అమెరికాలో అరగంట స్లాట్‌లో 1950లలో కథ సుమారు 26 నిమిషాలు ఉండేది, మిగతాది యాడ్స్. 1990లు వచ్చేసరికి కథ 22 నిమిషాలకి దిగింది. పాత షోని కొత్త కాలంలో మళ్లీ వేయాలంటే స్లాట్ అదే అరగంట, యాడ్స్ మాత్రం ఎక్కువ. మరి ఆ మూడు నాలుగు నిమిషాలు ఎక్కడి నుంచి రావాలి? కథలోంచే.

మొదట్లో ఇది నిజంగానే కత్తెర పని. షోల పదహారు మిల్లీమీటర్ల ఫిల్మ్ ప్రింట్లు ఒక ఊరి స్టేషన్ నుంచి ఇంకో ఊరి స్టేషన్‌కి తిరుగుతుండేవి. ఎక్కడికక్కడ యాడ్ కోసం ముక్క కోసి, అతికించి, తర్వాతి ఊరికి పంపేవాళ్లు. వీడియో టేప్ వచ్చాక పంపిణీ కంపెనీలే పొట్టి వెర్షన్ తయారుచేసి అమ్మడం మొదలుపెట్టాయి. ఏది కోస్తారు? కథకి అడ్డం రాని చోటు. అంటే ఎపిసోడ్ మొదట్లో వచ్చే చిన్న జోకు, చివర్లో వచ్చే కొసమెరుపు, మధ్యలో ఇద్దరు ఊరికే మాట్లాడుకునే సీను. సిట్‌కామ్‌లో మనకి నచ్చేవి అవే కదా!

ఆ తర్వాత ఇంకో ఉపాయం కనిపెట్టారు. కోయకుండా స్పీడ్ పెంచడం. ‘సైన్‌ఫెల్డ్’ రీరన్ ఒక కేబుల్ చానెల్‌లో సుమారు 7 శాతం వేగంగా వస్తోందని 2013లో ఒక ప్రేక్షకుడు రెండు వెర్షన్లు పక్కపక్కన పెట్టి వీడియో చేసి చూపించాడు. 25 నిమిషాలకి దాదాపు రెండు నిమిషాలు మిగులు. మనం ఇప్పుడు 1.5ఎక్స్‌లో పాడ్‌కాస్ట్ వింటున్నాం, ఇదేముంది అంటారా? మనం చేసేది తెలిసి చేస్తున్నాం. అక్కడ ఎవరికీ చెప్పలేదు. కామెడీలో ఆగాల్సిన చోట అరసెకను తక్కువ ఆగితే జోకు మారిపోతుంది.

ఇప్పుడు 1951కి వెళ్దాం. ‘ఐ లవ్ లూసీ’ సిబిఎస్‌లో ఆ ఏడాది అక్టోబర్ 15న మొదలైంది. అప్పట్లో టీవీ అంటే ఎక్కువగా న్యూయార్క్ నుంచి లైవ్. దూరపు ఊళ్ల కోసం మానిటర్ ముందు ఫిల్మ్ కెమెరా పెట్టి ఆ తెరనే షూట్ చేసేవాళ్లు. దాన్ని కినెస్కోప్ అనేవారు. ఈ రోజుల్లో థియేటర్‌లో ఫోన్‌తో తీసిన పైరసీ ప్రింట్ ఎలా ఉంటుందో, దానికి తాతలాంటిది అన్నమాట. లూసీల్ బాల్, ఆమె భర్త డెసి ఆర్నాజ్ హాలీవుడ్ వదిలి న్యూయార్క్ వెళ్లడానికి ఒప్పుకోలేదు. ప్రేక్షకుల ముందే నటిస్తాం, మూడు కెమెరాలతో 35 మిల్లీమీటర్ల ఫిల్మ్ మీద తీస్తాం అన్నారు. కెమెరా బాధ్యత కార్ల్ ఫ్రాయిండ్‌ది. జర్మనీలో ‘మెట్రోపోలిస్’ లాంటి మూకీ సినిమాకి పనిచేసిన మనిషి.

ఫిల్మ్ అంటే ఖర్చు ఎక్కువ. భార్యాభర్తలిద్దరూ జీతం తగ్గించుకున్నారు. బదులుగా ఒకటి అడిగారు, ఆ ఫిల్మ్ మాది అని. ఒకసారి ప్రసారమయ్యాక ఎపిసోడ్‌కి విలువేముంటుందని అప్పుడు పెద్దగా ఎవరూ అనుకోలేదు. ఒప్పుకున్నారు. తర్వాతి ఏడాది లూసీల్ బాల్ గర్భవతి అయినప్పుడు కొన్ని వారాలు పాత ఎపిసోడ్లే మళ్లీ వేశారు. జనం మళ్లీ చూశారు! రీరన్ అనే వ్యాపారం బలపడింది అక్కడే. కొన్నేళ్ల తర్వాత అవే ఫిల్ములని సిబిఎస్ లక్షల డాలర్లు పెట్టి కొనుక్కోవాల్సి వచ్చింది.

అంత జాగ్రత్తగా దాచుకున్న షోకి కూడా కోత తప్పలేదు. ‘ఐ లవ్ లూసీ’ అంటే శాటిన్ గుడ్డ మీద హృదయం గుర్తు, దాని మీద పేర్లు గుర్తొస్తాయి చాలామందికి. అది రీరన్ల కోసం తర్వాత చేసింది. మొదట్లో టైటిల్స్‌లో లూసీ, డెసిల కార్టూన్ బొమ్మలు సిగరెట్ పెట్టెతో ఆడుకునేవి, ఎందుకంటే స్పాన్సర్ ఫిలిప్ మోరిస్ సిగరెట్ కంపెనీ. స్పాన్సర్ పోయాక అవన్నీ తీసేశారు. దశాబ్దాల తర్వాత డీవీడీ, బ్లూ-రేలలో ఆ కార్టూన్లు మళ్లీ కనిపించాయి. సిగరెట్ యాడ్ మంచిదని కాదు. 1951లో అమెరికా ఇల్లు ఎలా ఉండేదో ఆ పెట్టె చెప్పినంతగా హృదయం గుర్తు చెప్పదు.

బ్రిటన్‌లో కథ ఇంకా ఘోరం. అక్కడ కోయడం కాదు, ఏకంగా తుడిచేశారు. రెండు అంగుళాల వీడియో టేప్ చాలా ఖరీదు, మళ్లీ వాడుకోవచ్చు. నటుల యూనియన్ ఒప్పందాల ప్రకారం రిపీట్ వేయడానికి పరిమితులు ఉండేవి. కలర్ వచ్చాక నలుపు-తెలుపు షోలని ఎవరు కొంటారు? బీబీసీ టేపులు చెరిపి కొత్త ప్రోగ్రాములు రికార్డ్ చేసుకుంది. 1970ల చివరిదాకా ఇదే నడిచింది.

నాకు దీని మీద కోపం తెచ్చుకునే హక్కు పెద్దగా లేదు. మా ఇంట్లో కూడా ఇదే జరిగింది. వీహెచ్ఎస్ క్యాసెట్ అంచున చిన్న ప్లాస్టిక్ పలక ఉంటుంది. అది విరగ్గొడితే ఇక దాని మీద రికార్డ్ అవ్వదు. మా అమ్మానాన్నల పెళ్లి క్యాసెట్‌కి ఆ పలక విరగ్గొట్టే ఉంది. మా బాబాయ్ ఆ కన్నం మీద ప్లాస్టర్ అంటించి క్రికెట్ మ్యాచ్ రికార్డ్ చేశాడు. ఇప్పుడు మా అమ్మ పెళ్లి వీడియోలో తాళి కట్టే ముందు షార్జా గ్రౌండ్ వస్తుంది. ఖాళీ క్యాసెట్ దొరకలేదట, మ్యాచ్ మొదలైపోయిందట. బీబీసీ వాళ్ల కారణాలు కూడా సరిగ్గా ఇంతే.

‘డాడ్స్ ఆర్మీ’ అని బ్రిటన్‌లో ఇప్పటికీ నవ్వుకుంటూ చూసే సిట్‌కామ్ ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో ముసలివాళ్లంతా కలిసి ఊరు కాపలా కాసే కథ. 80 ఎపిసోడ్లు. రెండో సీజన్‌లో ఐదు ఎపిసోడ్లు పోయాయి. 2001లో రెండింటి ఫిల్మ్ కాపీలు దొరికాయి. మూడు ఇంకా దొరకలేదు. 2019లో ఆ మూడింటినీ పాత స్క్రిప్టులతో, కొత్త నటులతో మళ్లీ తీశారు. బాగానే ఉంటాయి కానీ, పోయినవాళ్ల ఫోటోకి బదులు వేరేవాళ్లకి ఆ బట్టలేసి తీసినట్టు ఉంటుంది నాకైతే.

‘స్టెప్టో అండ్ సన్’ది ఇంకో విచిత్రం. 1970లో కలర్‌లో వచ్చిన చాలా ఎపిసోడ్లు ఇప్పుడు నలుపు-తెలుపులోనే ఉన్నాయి. కలర్ టేపులు బీబీసీ చెరిపేసింది. రచయితలు రే గాల్టన్, అలన్ సింప్సన్ తమ సొంత రీల్ వీడియో మెషిన్‌తో కాపీలు తీసి ఉంచుకున్నారు. ఆ మెషిన్‌కి కలర్ రాదు. అమ్మకానికి వచ్చిన డీవీడీలో ఉన్నది ఆ కాపీలే. మసకగా ఉంటుంది, గీతలు కదులుతుంటాయి. కలెక్టర్లు దాన్ని అపురూపంగా చూసుకుంటారు.

అమెరికాలో జాకీ గ్లీసన్ ‘హనీమూనర్స్’ కూడా ఇలాగే. 1955-56లో ఫిల్మ్ మీద తీసిన 39 ఎపిసోడ్లే దశాబ్దాల పాటు తిప్పి తిప్పి వేశారు. గ్లీసన్ తన వెరైటీ షోలో లైవ్‌గా చేసిన పాత స్కెచ్‌ల కినెస్కోప్‌లు మాత్రం తన సొంత భద్రతలో దాచుకున్నాడు. 1985లో అవి బయటికొచ్చాయి, తర్వాత వీడియో క్యాసెట్లుగా అమ్మారు. ఆయన మొదట పనిచేసిన డ్యూమాంట్ నెట్‌వర్క్ 1956లోనే మూతపడింది. దాని లైబ్రరీలో మిగిలినదాన్ని 1970లలో లారీలకెత్తి న్యూయార్క్ సముద్రపు నీళ్లలో పారేశారని నటి ఈడీ ఆడమ్స్ 1996లో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ విచారణలో చెప్పారు.

ఇంట్లో కాపీ ఉంచుకోవడం రచయితలకీ స్టార్లకీ మాత్రమే సాధ్యమైన కాలం పోయి, మామూలు జనం చేతికి రికార్డ్ బటన్ వచ్చింది 1975లో, సోనీ బీటామాక్స్‌తో. యూనివర్సల్, డిస్నీ స్టూడియోలు కోర్టుకెళ్లాయి. 1984 జనవరిలో అమెరికా సుప్రీంకోర్టు 5-4 తేడాతో సోనీ వైపు తీర్పిచ్చింది. టీవీలో వచ్చేదాన్ని తర్వాత చూడ్డానికి ఇంట్లో రికార్డ్ చేసుకోవడం తప్పు కాదంది. ఒక్క జడ్జి అటు తిరిగి ఉంటే ఈ కథ సగంలో ఆగిపోయేది. ఆ తర్వాత మెయిల్ ఆర్డర్ క్యాసెట్లు వచ్చాయి. కొన్ని వారాలకో ‘ఐ లవ్ లూసీ’ టేపు పోస్టులో ఇంటికొచ్చేది. సెట్ పూర్తయ్యేసరికి ఏళ్లు పట్టేది, గోడకి అల్మారా కావాల్సొచ్చేది.

డీవీడీ రాగానే సీజన్ మొత్తం ఒక పెట్టెలో పట్టింది. ఇక సమస్య తీరిందనుకున్నారు. తీరలేదు. కొన్ని కంపెనీలు ఒరిజినల్ వెతికే శ్రమ పడకుండా, దగ్గరున్న పొట్టి రీరన్ టేపులనే డిస్కులకెక్కించి ‘కంప్లీట్ సీజన్’ అని ముద్రేశాయి. 2005లో వచ్చిన ‘రోజాన్’ మొదటి సీజన్ అలాంటిదే. కొన్నవాళ్లు గొడవ చేశారు. పూర్తి ఎపిసోడ్లతో సెట్ తర్వాతెప్పుడో వేరే కంపెనీ నుంచి వచ్చింది.

దానికంటే పెద్ద చిక్కు పాటలు. ‘డబ్ల్యుకెఆర్‌పి ఇన్ సిన్సినాటి’ అనే సిట్‌కామ్ 1978 నుంచి 1982 దాకా వచ్చింది. రేడియో స్టేషన్ కథ కాబట్టి వెనకాల ఆ కాలపు నిజమైన రాక్ పాటలు మోగుతుంటాయి, పాత్రలు ఆ పాటల గురించి మాట్లాడుకుంటాయి. పాటల హక్కులు కొన్నేళ్లకే తీసుకున్నారు. ఇంట్లో డిస్కు పెట్టుకుని చూసే రోజు వస్తుందని ఎవరూ ఊహించలేదు. హక్కులు అయిపోయాక రీరన్లలోనూ, 2007లో వచ్చిన మొదటి సీజన్ డీవీడీలోనూ చాలా పాటలు తీసేసి ఊరూపేరూ లేని సంగీతం వేశారు. పాట వెనకాల డైలాగు ఉంటే డైలాగు కూడా పోతుంది కదా, కొన్ని సీన్లు చిక్కిపోయాయి. 2014లో షౌట్ ఫ్యాక్టరీ అనే కంపెనీ పాట పాటకీ హక్కులు బేరమాడి, చాలావరకు ఒరిజినల్ సంగీతంతో మొత్తం సీరియల్ తెచ్చింది. అన్నీ కాదు, చాలావరకు.

అప్పటిదాకా దాన్ని పూర్తిగా చూడాలంటే దారి ఒక్కటే. ఆ రోజుల్లో టీవీ నుంచి ఎవరో రికార్డ్ చేసుకున్న క్యాసెట్, మధ్యలో యాడ్స్‌తో సహా.

ఇదంతా పాత కథ, ఇప్పుడు స్ట్రీమింగ్‌లో అన్నీ ఉన్నాయి అంటారేమో. ‘సైన్‌ఫెల్డ్’ 180 ఎపిసోడ్లూ 2021లో నెట్‌ఫ్లిక్స్‌కి వచ్చాయి. పాత టీవీ తెర దాదాపు చదరం, ఇప్పటి తెర వెడల్పు. దానికి సరిపోయేలా బొమ్మని పైనా కిందా కత్తిరించారు. ‘ది పాట్‌హోల్’ అనే ఎపిసోడ్‌లో రోడ్డు మీద గుంత చూపించే షాట్ ఉంది. ఆ గుంత ఫ్రేమ్ కింద ఉంది. గుంత గురించిన ఎపిసోడ్‌లో గుంత కనపడకుండా పోయింది!

2020 జూన్‌లో ఇంకో రకం కోత. అమెరికాలో జార్జ్ ఫ్లాయిడ్ హత్య తర్వాత నిరసనల సమయంలో, నటులు నల్ల రంగు పూసుకున్న ఎపిసోడ్లని ‘30 రాక్’, ‘స్క్రబ్స్’, ‘కమ్యూనిటీ’ నుంచి తీసేశారు. ‘ది ఆఫీస్’లో ఒక షాట్ కోశారు. ఆ రంగు పూతలు నాకూ ఇబ్బందిగానే అనిపిస్తాయి. అవి ఎందుకు గాయపరుస్తాయో వివరించి ఎపిసోడ్ ఉంచి ఉంటే నాకు నచ్చేది. ఇక్కడ కొత్తగా చూసేవాడికి లిస్టులో ఒక నంబరు తక్కువుంటుంది, అంతే. తీసేశామన్న సంగతి కూడా తెలీదు. ‘గోల్డెన్ గర్ల్స్’లో ఇద్దరు ముసలావిడలు మొహానికి మట్టి ప్యాక్ వేసుకున్నారు. దాన్ని కూడా రంగు పూత కింద లెక్కేసి ఒక ఎపిసోడ్ తీసేశారు, తర్వాత వెనక్కి పెట్టారు.

మనకి ఇలాంటిది పట్టింపా అని ఎవరైనా కామెంట్ పెడతారని తెలుసు. ‘అమృతం’ గుర్తుందా? గుణ్ణం గంగరాజు గారి సీరియల్, 2001 నుంచి 2007 దాకా జెమిని టీవీలో ఆదివారం రాత్రుళ్లు. అమృతం పాత్రకే నటులు మారారు, శివాజీ రాజా, నరేష్, హర్షవర్ధన్. అప్పుడు పుట్టని పిల్లలు కూడా ఈ రోజు ఆంజనేయులు డైలాగులు చెప్తున్నారంటే, ఎపిసోడ్లు నిర్మాతల దగ్గర మిగిలి యూట్యూబ్‌లోకి రాబట్టే. కానీ అందులో నా చేతిలో ఉన్నది లింకు మాత్రమే.

సెట్ కొనేవాళ్లకి ఒక్క చిట్కా. ముందు నిడివి చూడండి. 1950ల షో 22 నిమిషాలే ఉందంటే అనుమానించండి. అయితే వెంటనే కోశారని గొడవ పెట్టొద్దు, నేనోసారి అలా పరువు పోగొట్టుకున్నాను. మన దగ్గరా, యూరప్‌లోనూ అమ్మే పాల్ పద్ధతి డీవీడీలలో, సెకనుకి 24 ఫ్రేములతో తీసిన ఫిల్మ్ 25 ఫ్రేములతో ఆడుతుంది. 22 నిమిషాల ఎపిసోడ్ 21 నిమిషాల చిల్లరకే అయిపోతుంది. ఒక్క సీనూ పోదు, అందరి గొంతూ కొంచెం సన్నబడుతుంది. ఆన్‌లైన్‌లో ఒకాయన దగ్గర సెకండ్ హ్యాండ్ సెట్ కొని "మోసం చేశారు" అని పెద్ద మెసేజ్ పెట్టాక నాకీ లెక్క తెలిసింది. ఆయన ఓపిగ్గా కాలిక్యులేటర్ స్క్రీన్‌షాట్ పంపాడు.

చివరిగా లూసీ దగ్గరికే వస్తాను. 1951లో సీరియల్ మొదలవ్వకముందు ఛానెల్‌కి చూపించడానికి ఒక పైలట్ తీశారు. అది టీవీలో ఎప్పుడూ రాలేదు. దశాబ్దాల పాటు పోయిందనే అనుకున్నారు. ఆ పైలట్‌లో పెపీటో అనే స్పానిష్ విదూషకుడు కూడా నటించాడు. డెసి ఆర్నాజ్ అభిమానంగా ఆయనకో కాపీ ఇచ్చాడు. పెపీటో చనిపోయాడు, డెసి చనిపోయాడు, 1989లో లూసీల్ బాల్ కూడా పోయింది. ఆ తర్వాత పెపీటో భార్య దగ్గర ఆ ఫిల్మ్ బయటపడింది, 1990లో సిబిఎస్ దాన్ని ప్రసారం చేసింది. అన్నేళ్లూ అది ఆవిడ మంచం కింద ఉందట.

ఈ వారం మీ ఇంట్లో అటక మీద, మంచాల కింద ఏ క్యాసెట్లు ఉన్నాయో చూసి కామెంట్‌లో రాయండి. ప్లాస్టర్ అంటించి ఉంటే మాత్రం పీకకండి, ముందు నాకు చెప్పండి. ఉంటాను.